సైరన్ మోగితే ఎక్కడికి పోవాలి?

రెండో ప్రపంచయుద్ధం పాఠం అనగానే మనమంతా బట్టీ పట్టేవి దాదాపు ఒకటే. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దండెత్తింది. 1945లో హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు పడ్డాయి. మధ్యలో అక్షరాజ్యాలు, మిత్రరాజ్యాలు. లండన్ మీద జర్మన్ విమానాలు బాంబులు కురిపించిన సంగతి ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఒక రాత్రి స్టడీ అవర్‌లో ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు ఆ వాక్యం దగ్గర ఆగి, "మరి జనం ఎక్కడికి పోయారన్నా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కొన్ని నెలలు దొరికిన పుస్తకాలన్నీ తిరగేసి మేము తెలుసుకున్నది ఈ సంచికలో మీతో పంచుకుంటున్నాము.

ముందుగా ఒక మాట. ఎయిర్ రెయిడ్ షెల్టర్ అంటే వైమానిక దాడి జరిగేటప్పుడు సాధారణ ప్రజలు తలదాచుకునే చోటు. అది ఇంటి వెనుక తవ్విన గుంత కావచ్చు, వీధిలో కట్టిన ఇటుకల గది కావచ్చు, భూగర్భ రైల్వే స్టేషన్ కావచ్చు. దీన్ని ఇంజనీరింగు విషయం అనుకునే మేము చదవడం మొదలుపెట్టాం. చదివే కొద్దీ, ఎవరికి పెరడు ఉంది, ఎవరికి నేలమాళిగ ఉంది, ఎవరి మాట సర్కారు వింటుంది అనే ప్రశ్నలే ఎక్కువగా ఎదురయ్యాయి.

చావుకు లెక్క వేశారు, నిద్రకు వేయలేదు

యుద్ధానికి ముందు 1937లో బ్రిటిష్ ప్రభుత్వ నిపుణులు ఒక అంచనా వేశారు. జర్మనీ 60 రోజుల పాటు దాడి చేస్తే 6 లక్షల మంది చనిపోతారు, 12 లక్షల మంది గాయపడతారు అని. అంతేకాక విషవాయువు వదులుతారని భయపడి 1938 నాటికే సుమారు 3 కోట్ల 80 లక్షల గ్యాస్ మాస్కులు పంచిపెట్టారు. యుద్ధం మొత్తంలో ఆ విషవాయువు లండన్ మీద పడనే లేదు. దాడులు పగటి పూట, కొద్దిసేపు జరుగుతాయని కూడా అనుకున్నారు. అందువల్ల షెల్టర్ అంటే గంటో రెండు గంటలో కూర్చుని లేచిపోయే చోటుగానే ఆలోచించారు. మంచాలు, మరుగుదొడ్లు, తాగునీరు ఎవరి లెక్కలోనూ లేవు.

జరిగింది వేరు. 1940 సెప్టెంబరు 7న మొదలైన దాడులు వరుసగా 57 రాత్రులు ఆగలేదు. 1941 మే దాకా అలా సాగిన కాలాన్నే చరిత్రలో 'బ్లిట్జ్' అంటారు. బ్రిటన్ మొత్తం మీద 40 వేల మందికి పైగా పౌరులు చనిపోయారు. ప్రభుత్వం భయపడిన దానికంటే చావులు చాలా తక్కువ. కాని ఇల్లు కూలిపోయి, నిద్ర లేక, తెల్లవారితే మళ్ళీ ఫ్యాక్టరీకి పోవలసిన వాళ్ళ సంఖ్య మాత్రం ఎవరి ఊహకూ అందనిది.

రేకుల గుంత

ప్రభుత్వం ఎంచుకున్న మొదటి పరిష్కారం పేరు ఆండర్సన్ షెల్టర్. పౌరరక్షణ బాధ్యత చూసిన మంత్రి సర్ జాన్ ఆండర్సన్ పేరు దానికి వచ్చింది. ఈయన మనకు కొత్తవాడు కాదు. 1932 నుంచి 1937 వరకు బెంగాల్ గవర్నరు.

మన ఊళ్ళలో పశువుల పాకలకు వేసే జింకు రేకులు అందరూ చూసే ఉంటారు. అలాంటి ముడతల ఉక్కు రేకులనే వంచి, పైన బోల్టులతో బిగిస్తే ఇది తయారవుతుంది. ఎత్తు 6 అడుగులు, వెడల్పు నాలుగున్నర, పొడవు ఆరున్నర. పెరట్లో 4 అడుగుల లోతు గుంత తవ్వి, దానిలో దీన్ని నిలబెట్టి, పైన కనీసం 15 అంగుళాల మందాన మట్టి కప్పాలి. ఆ మట్టి మీద కూరగాయలు, పూలమొక్కలు పెంచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఏడాదికి 250 పౌండ్ల కంటే తక్కువ సంపాదన ఉన్న ఇంటికి ఉచితం, మిగతావాళ్ళకు 7 పౌండ్లు. 1939 ఫిబ్రవరిలో లండన్‌లోని ఇస్లింగ్టన్ పేటలో పంపిణీ మొదలై, యుద్ధం ప్రకటించే నాటికి సుమారు 15 లక్షలు పంచారు.

ఇంత పల్చని రేకు బాంబును ఎలా ఆపుతుంది అని మాకు సందేహం కలిగింది. బాంబు నేరుగా మీద పడితే ఆపలేదు. కాని ఎక్కువమంది చనిపోయేది నేరుగా తగిలి కాదు. పేలుడు గాలి తాకిడికి, పక్కలకు ఎగిరే ఇనుప ముక్కలకు, కూలే గోడల కింద పడి చనిపోతారు. నేల మట్టం కంటే కిందికి దిగితే ఇనుప ముక్కలు తల మీదుగా పోతాయి. మట్టి తాకిడిని పీల్చుకుంటుంది. వంపు తిరిగిన రేకు కదిలి, వంగి, నిలబడుతుంది. ఈ విధంగా చవకైన వస్తువుతో పెద్ద పనే సాధించారు.

దీన్ని ఆరుగురి కోసం చేశారు. మేము హాస్టల్ వరండాలో సుద్దముక్కతో ఆ కొలతలు గీసి ఆరుగురం అందులో కూర్చుని చూశాం. మనిషికి 5 చదరపు అడుగులు కూడా రాదు. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడ దీనికి తోడు చలి, చీకటి, వానాకాలంలో గుంతలోకి ఊరే నీళ్ళు. చాలామంది సైరన్ మోగినా మంచం మీదనే ఉండిపోయారంటే మాకు ఆశ్చర్యం అనిపించలేదు.

అసలు సమస్య ఇంకొకటి ఉంది. ఆండర్సన్ షెల్టర్ పెట్టుకోవాలంటే పెరడు ఉండాలి. బాంబులు ఎక్కువగా పడింది లండన్ తూర్పు పేటల మీద. ఓడరేవు, గోదాములు, ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి గనుక. అక్కడ ఉండేది రేవు కూలీలు, కుట్టుపనివాళ్ళు, వలస వచ్చిన యూదులు. ఒకదాని కొకటి ఆనుకున్న ఇళ్ళు, మెట్ల మీద మెట్లు పేర్చిన అద్దె గదులు. పెరడు ఎక్కడిది? ఉచితంగా ఇస్తామన్న వస్తువు, అవసరం ఎక్కువ ఉన్నవాడికే పనికిరాకుండా పోయింది. దాన్ని రాసిన అధికారికి ఇంటి వెనుక తోట ఉండి ఉంటుందని మాలో ఒకరు అన్నారు.

ఆ పేటల కోసం వీధుల్లో ఇటుక గోడలు, పైన దళసరి కాంక్రీటు కప్పు వేసి గదులు కట్టారు. సిమెంటు కొరత ఉన్న కాలం. 1940లో పంపిన ఉత్తర్వు అస్పష్టంగా ఉండటంతో చాలాచోట్ల సిమెంటు లేకుండా ఉత్త సున్నం, ఇసుకతో గోడలు లేపారు. దగ్గరలో బాంబు పడితే గోడలు పక్కకు జారి, కాంక్రీటు కప్పు మొత్తంగా లోపలివారి మీద పడేది. ఈ సంగతి తెలిశాక జనం వాటిలోకి పోవడం మానుకున్నారు.

ముందే చెప్పిన మనిషి

ఇదంతా ఎవరూ ముందుగా చెప్పలేదా అంటే, చెప్పారు. జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త పేరు జన్యుశాస్త్రం చదివినవాళ్ళు విని ఉంటారు. ఆయన స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో అక్కడికి వెళ్ళి బాంబుదాడులను కళ్ళారా చూశారు. ఏ గోడ నిలిచింది, ఏ కందకం కాపాడింది అని లెక్కలు కట్టి 1938లో 'ఎ.ఆర్.పి.' అనే పుస్తకం రాశారు. వైమానిక దాడుల నుంచి ముందుజాగ్రత్త అని ఆ అక్షరాల అర్థం. నేల లోతున ఇటుకల సొరంగాలు తవ్వి అందరికీ ఒకే రకం రక్షణ ఇవ్వాలన్నది ఆయన వాదన.

ఇది గాలిలో మేడ కాదు. స్పెయిన్‌లోని బార్సిలోనా నగరం మీద 1938 మార్చి 16 నుంచి 18 వరకు జరిగిన దాడుల్లోనే సుమారు వెయ్యి మంది చనిపోయారు. ఆ నగరంలో జనం వెయ్యికి పైగా భూగర్భ ఆశ్రయాలు తవ్వుకున్నారు. మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు గునపం, తట్ట పట్టారు. పోబ్లె సెక్ అనే కార్మిక పేటలోని 307 నంబరు షెల్టర్‌లో సుమారు 2,000 మంది పట్టేవారు. మరుగుదొడ్లు, నీళ్ళ కుళాయి, వైద్యం గది, పిల్లలకు ప్రత్యేకంగా ఒక గది కూడా ఉండేవి. ఇప్పుడది మ్యూజియం.

హాల్డేన్ సలహాను బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1939లో దీనిపై వేసిన సంఘానికి లార్డ్ హేలీ అధ్యక్షుడు. ఈయన కూడా మన దేశంలో పంజాబు, ఐక్యరాష్ట్రాలకు గవర్నరుగా చేసి వెళ్ళినవాడే. లోతైన షెల్టర్లకు ఖర్చు ఎక్కువ, సిమెంటు, ఉక్కు, కూలీలు చాలరు, ఒకేచోట వేలమంది చేరితే ప్రమాదం అన్నారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. జనం ఒకసారి లోపలికి పోతే పైకి రారు, పనిలోకి పోరు అని. ఈ వాదనలో చివరిది తప్ప మిగతా వాటిలో కొంత నిజం లేకపోలేదు. వేలమంది ఒకే మెట్ల దారిలో దిగడం ఎంత ప్రమాదమో తర్వాత ఒక స్టేషన్‌లో తెలిసివచ్చింది. ఆ సంగతి కింద రాస్తాం.

టికెట్టు కొని పడుకున్నారు

లండన్‌లో భూగర్భ రైలు ఉంది. దాని స్టేషన్లను షెల్టర్లుగా వాడరాదని ప్రభుత్వ నిర్ణయం. 1940 సెప్టెంబరులో జనం ఆ నిర్ణయాన్ని తమదైన పద్ధతిలో రద్దు చేశారు. తక్కువ ధర టికెట్టు ఒకటి కొని, దుప్పటి, పిల్లలతో ప్లాట్‌ఫారం మీదికి దిగి, మళ్ళీ పైకి రాలేదు. రాళ్ళు వేయలేదు, ఊరేగింపు తీయలేదు. అంతమందిని బయటికి ఈడ్చే ధైర్యం పోలీసులకు లేకపోయింది. సెప్టెంబరు 27 రాత్రి లెక్కిస్తే సుమారు 1,77,000 మంది అక్కడ పడుకుని ఉన్నారు.

తొలి వారాల్లో పరిస్థితి దారుణం. మరుగుదొడ్లు లేవు, దోమలు, దుర్వాసన. పిల్లలు పొద్దున్నే వచ్చి ఇంటిల్లిపాదికీ చోటు పట్టుకుని కూర్చునేవారు. ప్లాట్‌ఫారం అంచు నుంచి 8 అడుగుల దూరంలో ఒకటి, 4 అడుగుల దూరంలో ఒకటి తెల్లగీతలు గీశారు. సాయంత్రం రైళ్ళు రద్దీగా ఉన్నప్పుడు 8 అడుగుల గీత వెనుక ఉండాలి, రాత్రి ఏడున్నర దాటితే 4 అడుగుల గీత దాకా రావచ్చు, రైళ్ళు ఆగాక ఎక్కడైనా కాళ్ళు చాపుకోవచ్చు. క్రమంగా ప్రభుత్వమే దిగివచ్చి వరుస మంచాలు, క్యాంటీన్లు, వైద్య సదుపాయం ఏర్పాటు చేసింది.

భూమి కింద ఉన్నంత మాత్రాన చావు రాదని కాదు. 1940 అక్టోబరు 14న బాలమ్ స్టేషన్ మీద బాంబు పడి, నీటి గొట్టాలు పగిలి, 60 మందికి పైగా చనిపోయారు. 1941 జనవరిలో బ్యాంక్ స్టేషన్‌లో 50 మందికి పైగా. అయినా జనం దిగడం మానలేదు.

అదే సమయంలో నగరం పడమటి భాగంలో సవాయ్ అనే ఖరీదైన హోటల్ నేలమాళిగలో అతిథులకు పరుపులతో సహా షెల్టర్ సిద్ధం చేశారు. సెప్టెంబరు 14 రాత్రి తూర్పు లండన్‌లోని స్టెప్నీ పేట నుంచి కొన్ని పదుల మంది ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు ఫిల్ పిరాటిన్ అనే కమ్యూనిస్టు కార్యకర్త నాయకత్వంలో ఆ హోటల్‌లోకి నడిచారు. దాడి జరుగుతుండగా వచ్చినవారిని బయటికి గెంటడానికి వీలు లేకపోయింది. టీ అడిగారు. హోటల్ ధర కాదు, బయట టీ దుకాణంలో ఇచ్చే ధరే ఇస్తామన్నారు. వెండి పళ్ళెంలో టీ వచ్చిందని పిరాటిన్ తన జ్ఞాపకాల్లో రాశారు. ఆ ఒక్క రాత్రి తప్ప వాళ్ళక్కడ ఉండలేదు. కాని ఆ వార్త పత్రికలకెక్కింది. 1945 ఎన్నికల్లో అదే ప్రాంతం నుంచి ఆయన పార్లమెంటుకు గెలిచారు.

మాకు అందరికంటే నచ్చిన మనిషి మాత్రం మికీ డేవిస్. స్పిటల్‌ఫీల్డ్స్ పండ్ల మార్కెట్ కింద ఉన్న నేలమాళిగలోకి వేలాది జనం చొరబడ్డారు. కొద్ది మరుగుదొడ్లు, తడి నేల. డేవిస్ కళ్ళద్దాలు చేసేవాడు, ఎత్తు నాలుగడుగులు కూడా లేదు, వెన్ను వంగినవాడు. ఆయన జనాన్ని కూర్చోబెట్టి కమిటీ వేయించాడు. ఊడ్చే వంతులు పెట్టాడు, డాక్టర్లను పిలిపించాడు. క్యాంటీన్ మీద వచ్చిన లాభంతో పిల్లలకు ఉచితంగా పాలు పోయించాడు. అధికారులు తమ మనిషిని నియమించాక కూడా జనం డేవిస్‌నే ఎన్నుకున్నారు. మెస్ కమిటీలో పనిచేసిన అన్నలకు ఈ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

లండన్ సెయింట్ పాంక్రాస్ పేటలో కౌన్సిలరుగా ఉంటూ ఎయిర్ రెయిడ్ వార్డెన్‌గా రాత్రులు కాపలా తిరిగినవారిలో మన వి.కె. కృష్ణ మీనన్ కూడా ఉన్నారు. తర్వాత మన దేశ రక్షణమంత్రి అయినది ఆయనే.

ఇక్కడ ఒక అంకె తప్పక చెప్పాలి. 1940 నవంబరులో లండన్‌లో లెక్క తీస్తే భూగర్భ స్టేషన్లలో ఉన్నది 4 శాతం, ఇతర ప్రజా షెల్టర్లలో 9 శాతం, ఇంటి షెల్టర్లలో 27 శాతం. మిగిలిన 60 శాతం మంది తమ ఇళ్ళలోనే, మెట్ల కిందో మంచం మీదో ఉన్నారు లేదా డ్యూటీలో ఉన్నారు. ఫొటోల్లో మనం చూసేది ఆ 4 శాతాన్నే.

భోజనం బల్ల

ఇంట్లోనే ఉండేవాళ్ళ కోసం 1941 మార్చిలో ఒక కొత్త షెల్టర్ వచ్చింది. అప్పటికి ఆండర్సన్ స్థానంలో హెర్బర్ట్ మారిసన్ హోంమంత్రి అయ్యారు. దానికి ఆయన పేరే పెట్టారు. తయారుచేసింది జాన్ బేకర్ అనే ఇంజనీరింగు ప్రొఫెసర్. చూడటానికి బల్ల. పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు 4, ఎత్తు రెండున్నర. పైన ఉక్కు పలక, పక్కలకు ఇనుప జాలీ. పగలు దాని మీద భోజనం చేయవచ్చు, రాత్రి దాని లోపల పడుకోవచ్చు. 359 భాగాలు డబ్బాలో వచ్చేవి, ఇంటివాళ్ళే బిగించుకోవాలి.

ఇందులో మన ఫిజిక్సు విద్యార్థులు గమనించవలసిన సంగతి ఉంది. బేకర్ దాన్ని ఏమాత్రం వంగని విధంగా తయారుచేయాలని చూడలేదు. మేడ కూలి మీద పడినప్పుడు ఆ శక్తి ఎక్కడికో పోవాలి. బల్ల కాళ్ళు, పలక కొంత వంగి శాశ్వతంగా సొట్టపోతే ఆ పనిలోనే శక్తి ఖర్చవుతుంది. లోపల పడుకున్న మనిషికి ఊపిరి తీసే చోటు మిగిలితే చాలు. బాగా దెబ్బతిన్న 44 ఇళ్ళను తర్వాత పరిశీలించారు. ఈ బల్లల కింద ఉన్న 136 మందిలో ముగ్గురు చనిపోయారు, 13 మందికి పెద్ద గాయాలయ్యాయి. మిగిలిన 120 మంది చిన్న గాయాలతోనో, అసలు గాయం లేకుండానో బయటపడ్డారు. 1941 ముగిసేలోగా 5 లక్షల బల్లలు పంచారు. పెరడు లేని ఇంటికి పనికొచ్చే వస్తువు చేయడానికి బ్లిట్జ్ దాదాపు ముగిసేదాకా పట్టింది.

పంతొమ్మిది మెట్లు

ఇక పైన చెప్పిన స్టేషన్ సంగతి. తూర్పు లండన్‌లోని బెత్నాల్ గ్రీన్ స్టేషన్ అప్పటికి పూర్తికాలేదు, రైళ్ళు నడవడం లేదు, షెల్టర్‌గా వాడేవారు. లోపలికి ఒకటే దారి. మెట్లకు మధ్యలో పట్టుకునే కమ్మీ లేదు. బ్లాకౌట్ కారణంగా ఒక్క గుడ్డి దీపం. దారి బాగు చేయాలి, అనుమతి ఇవ్వండి అని స్థానిక కౌన్సిల్ 1941లోనే పైఅధికారులకు రాసింది. డబ్బు వృథా అని ఒప్పుకోలేదు.

1943 మార్చి 3 రాత్రి సైరన్ మోగింది. వాన పడి మెట్లు తడిగా ఉన్నాయి. జనం మామూలుగానే దిగుతున్నారు. అంతలో దగ్గరి పార్కులో సైన్యం కొత్త రకం రాకెట్లను మొదటిసారి పేల్చింది. ఆ శబ్దం ఎవరూ వినని శబ్దం, బాంబే అనుకున్నారు. వెనుకనుంచి తోపులాట. కింది మెట్ల దగ్గర బిడ్డతో ఉన్న ఒక స్త్రీ తడబడి పడింది. ఆమె మీద ఇంకొకరు. క్షణాల్లో వందల మంది ఆ 19 మెట్ల దారిలో ఇరుక్కుపోయారు. 173 మంది ఊపిరాడక చనిపోయారు. వారిలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి ఆ పేట మీద ఒక్క బాంబు కూడా పడలేదు.

విచారణ నివేదికను ప్రభుత్వం 1945 దాకా బయటపెట్టలేదు. జనమే కంగారుపడి చచ్చారన్న మాట అన్నాళ్ళూ ప్రచారంలో ఉండనిచ్చారు. కౌన్సిల్ రాసిన ఉత్తరాల సంగతి మాట్లాడలేక స్థానికులు నింద మోశారు. ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే కమ్మీలు, దీపాలు మాత్రం వచ్చాయి. చనిపోయినవారి స్మారకం పూర్తయింది 2017లో.

హాల్డేన్ అడిగిన లోతైన షెల్టర్లు కూడా చివరికి వచ్చాయి. 1940 చివరలో పని మొదలుపెట్టి, ఒక్కొక్క దానిలో 8,000 మంది పట్టేలా లండన్‌లో ఎనిమిది కట్టారు. అవి 1942కే సిద్ధమైనా ప్రజలకు వాటిలో కొన్నింటిని తెరిచింది 1944లో. వాటిలో ఒకటైన క్లాపమ్ సౌత్ షెల్టర్‌లోనే 1948లో 'విండ్‌రష్' ఓడలో జమైకా తదితర దీవుల నుంచి పనికోసం వచ్చిన 200 మందికి పైగా నల్లజాతి వలస కార్మికులు, ఇల్లు అద్దెకు దొరక్క, తొలి రాత్రులు గడిపారు.

మన తీరం

యుద్ధం మన గడప దాకా కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ వాసులు రైళ్ళలో, బండ్ల మీద, కాలినడకన పల్లెలకు తరలిపోయారు. పట్నం చాలావరకు ఖాళీ అయింది. అదే ఏడాది డిసెంబరులో కలకత్తా మీద దాడులు జరిగాయి. అక్కడ మైదానాల్లో, పార్కుల్లో కందకాలు తవ్వారు, భవనాల ముందు అడ్డుగోడలు కట్టారు. లండన్‌లో ఇచ్చినట్టు ఇంటింటికీ రేకులు, బల్లలు ఇక్కడ ఎవరూ పంచలేదు. రెండు చోట్లా పరిపాలన ఒకటే. వెళ్ళడానికి పల్లెలో ఒక ఇల్లు ఉన్నవాడికి పల్లె, లేనివాడికి కందకం.

హాల్డేన్ కథ మాత్రం లండన్‌లో ముగియలేదు. ఆయన 1957లో మన దేశానికి వచ్చేశారు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పనిచేసి, తర్వాత భువనేశ్వర్ చేరి, భారత పౌరుడిగానే 1964 డిసెంబరు 1న అక్కడ కన్నుమూశారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని తెచ్చి అప్పగించింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.